టోల్‌గేటు అల్లుడు

తార్నాక చౌరస్తాలో మెట్రో స్తంభానికి ఆనించి పోయిన వారం ఒక ఫ్లెక్సీ కట్టారు. మా యూనివర్సిటీ సారుది నిలువెత్తు బొమ్మ. చెంపకు చెయ్యి ఆనించుకుని, ఎటో దూరంగా చూస్తూ ఆలోచిస్తున్నట్టు నిలబడ్డాడు. కింద ‘స్త్రీల సమానత్వం కోసం గొంతెత్తిన అధ్యాపకునికి అశ్రునివాళి’ అని రాశారు. పాల ప్యాకెట్ చేతిలో పట్టుకుని దాన్ని రెండుసార్లు చదివాను. మూడోసారి చదవబుద్ధి కాలేదు. నోట్లో చేదు ఊరింది. పక్కకు పోయి ఉమ్మేసి ఇంటికొచ్చాను.

కాగితాలు ముందేసుకుని కూర్చుంటే నా భార్య వచ్చి నిలబడింది.

“ఎవరి మీద రాస్తున్నవ్?”

చెప్పాను.

“పోయిన మనిషి మీద ఏంది రాసేది? ఊకోరాదు.”

“మంచిగ రాసేటోళ్లు మస్తుగున్నరు. ఆ పని వాళ్లు చూసుకుంటరు.”

పేరు మాత్రం రాయను. ఆయన పిల్లలు ఇప్పుడిప్పుడే చదివింది అర్థం చేసుకునే వయసుకు వస్తున్నారు.

నేను ఐదో తరగతి దాటలేదు. యూనివర్సిటీ లైబ్రరీలో చినిగిన పుస్తకాలు కుట్టి అట్టలు వేసే పనిలో ముప్పై ఏళ్లకు పైగా ఉన్నాను. చేతికి వచ్చిన పుస్తకాన్ని చదవకుండా కుట్టింది లేదు. నా చదువంతా అంతే. ఈ సంగతి ఆయన ఎట్లాగో పసిగట్టాడు. ఆ రోజు నుంచి నన్ను గంగిరెద్దును చేశాడు. ఎవరైనా కొత్త వాళ్లు డిపార్ట్‌మెంటుకు వస్తే నా భుజం మీద చెయ్యి వేసి వాళ్ల ముందు నిలబెట్టేవాడు. “చూడండప్పా, ఐదో తరగతి. అడగండి, ఏమన్నా అడగండి. చెప్తాడు.” వాళ్లు మొహమాటంగా ఏదో ఒకటి అడిగేవారు. నేను జవాబు చెప్పేవాణ్ని. తల ఊపమంటే ఊపినట్టే. “చూసినారా” అని ఆయన తానే చెప్పినట్టు పొంగిపోయేవాడు. నా చదువు ఆయన జేబులో రుమాలు అయిపోయింది.

నవ్వు ఒక్కటి చాలు ఆ మనిషిని గుర్తు పట్టడానికి. మాట సగంలో ఉండగానే నవ్వు మొదలయ్యేది. జోకు ఇంకా మనకు చేరలేదు, ఆయన మాత్రం కడుపు పట్టుకునేవాడు. ఎదుటివాళ్లకు నవ్వక తప్పదు. రీసెర్చి పిల్లలైతే మరీ పాపం, వాళ్ల థీసిస్ మీద సంతకం ఆయన చేతిలో ఉంటుంది కదా.

గడియారం మణికట్టు లోపలివైపు పెట్టుకునేవాడు. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే వింటున్నట్టే చెయ్యి తిప్పి చూసుకునేవాడు. మనం గమనించలేదనుకునేవాడు. వేదిక ఎక్కితే మాత్రం గడియారం చూసే అలవాటు ఉండదు. తన పెళ్లి గురించి ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. ఆయనది కర్నూలు. ఆమెది జడ్చర్ల దగ్గర పల్లె, సేద్యం చేసుకునే ఇల్లు. ఇద్దరూ ఇదే క్యాంపస్‌లో చదువుకుంటూ ఇష్టపడి చేసుకున్నారు. “సీమనూ తెలంగాణనూ ఒక్క తాళితో కలిపినా” అనేవాడు. చప్పట్లు పడేవి. ఆమె మూడో వరుసలో కూర్చుని ఒళ్లో పిల్లవాడి ముక్కు తుడుస్తూ ఉండేది.

ఆయన అసలు సంగతి నేను క్యాంపస్‌లో తెలుసుకోలేదు. కర్నూలు రోడ్డు మీద తెలుసుకున్నాను.

మా బిడ్డను కర్నూల్లోనే ఇచ్చాం. ఆయన తల్లిదండ్రులు ఉండే ఇంటికి రెండు వీధుల అవతలే. ఆయన భార్యాపిల్లల్ని తీసుకుని వేసవికీ దసరాకూ అక్కడికి కారులో పోయేవాడు. నాకు నడుం నొప్పి. బస్సులో ఆరు గంటలు కూర్చుంటే మూడు రోజులు లేవలేను. “పెద్దాయనా, సీటు ఖాళీగా ఉంది, రా. మనవళ్లను చూసుకుందువు” అన్నాడు. సంబరంగా ఎక్కాను. ఆ సీటు ఎందుకు ఖాళీగా ఉందో షాద్‌నగర్ రాకముందే తెలిసింది. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు. పెద్దవాడికి కారు పడదు. వాడు కక్కుకుంటే కవరు పట్టడం నా పని. చిన్నది అప్పుడు ఒళ్లో పిల్ల. దాన్ని ఎత్తుకోవడమూ నా పనే.

పిల్లల వాంతి నాకు రోత కాదు. నలుగురు పిల్లల్ని, ఆరుగురు మనవళ్లను ఎత్తిన చేతులివి. రోత పుట్టించింది వేరే. స్టీరింగు పక్కన ఒక కాగితం ముక్క అంటించుకునేవాడు. దాని మీద ఊళ్ల పేర్లు, వాటి ఎదురుగా టైములు. తార్నాకలో ఎప్పుడు బయలుదేరాం, షాద్‌నగర్ ఎప్పుడు దాటాం, కృష్ణ బ్రిడ్జి ఎప్పుడు ఎక్కాం. పోయినసారి కంటే నాలుగు నిమిషాలు ముందుంటే ఈల వేసేవాడు. పెద్దవాడు “నాన్నా, ఒకటికి” అంటే ఖాళీ సీసా వెనక్కి అందించేవాడు. బండి మాత్రం ఆపడు. ఐదేళ్ల పిల్లవాడు సిగ్గుతో, కుదుపుకు సీసా అటూ ఇటూ పోతుంటే, నా మొహం చూసేవాడు. నేను కళ్లు మూసుకుని “పోస్కో బిడ్డా, నేను చూస్తలేను” అనేవాణ్ని. ముందు నుంచి ఆయన “డిసిప్లిన్ అప్పా, డిసిప్లిన్” అనేవాడు.

ఇక ఆయన నియమం సంగతి.

పిల్లలు ఊరికి పోయినప్పుడు మొదట తండ్రివైపు గడప తొక్కాలి. ఆ తర్వాతే తల్లివైపు గడప. ఇది తన తల్లికి పెళ్లినాడు ఇచ్చిన మాట అని చెప్పేవాడు. ఊళ్లేమో వరసగా ఒకే రోడ్డు మీద ఉన్నాయి. హైదరాబాదు నుంచి పోతుంటే ముందు వచ్చేది ఆమె పుట్టిల్లు. దాన్ని ఆగకుండా దాటి కర్నూలు పోవాలి. తిరిగి వచ్చేటప్పుడు ఆగుదామనేవాడు. వచ్చేటప్పుడు ఎండ ఎక్కువగా ఉండేది, లేదా పెద్దవాడికి పొద్దున్నే బడి ఉండేది, లేదా ఆయనకు మీటింగు ఉండేది. పెద్దవాడు పుట్టినప్పటి నుంచి ఆ ఇంటి ముందు కారు ఆగింది రెండుసార్లట. రెండుసార్లూ ఇంజను ఆపలేదు.

ఆ అమ్మమ్మ దీనికొక ఉపాయం కనిపెట్టింది. వాళ్ల పల్లెకు దగ్గర్లో హైవే మీద టోల్‌గేటు ఉంది. ఎంతటి అల్లుడైనా అక్కడ ఆగక తప్పదు కదా. ఆయన భార్య ఫోను చేసి బయలుదేరామని చెప్పగానే ఆటో ఎక్కి వచ్చి గేటు దగ్గర నిలబడేది. కారు వరుసలో చేరగానే పక్కనే నడిచేది. అద్దం దించితే లోపలికి చేతులు పెట్టి పిల్లల బుగ్గలు పట్టుకునేది. పెద్దవాడి నోట్లో రొట్టె, బెల్లం కలిపి నలిపిన మలిద ముద్ద పెట్టి, కొంగుతో మూతి తుడిచి, చిన్నదాని తలకు రెండు చేతులు ఆనించి తన కణతల దగ్గర మెటికలు విరిచేది. బండి రెండు గజాలు జరిగితే తనూ రెండు గజాలు జరిగేది. చేతులు మాత్రం కిటికీలోనే ఉండేవి.

“అన్నా, జర చిన్నదాన్ని ఇటు తిప్పు” అనేది నాతో. “నా తల్లి, నా బంగారం, గిట్ల చూడు బిడ్డా. అవ్వ వచ్చింది.”

ఆయన భార్యకు కూడా ఒక ఉపాయం ఉండేది. దూరం నుంచే వరుసలు చూసి “ఈ లైన్ల పోండ్రి, జల్ది అయితది” అని లారీలు ఎక్కువ ఉన్న వరుస చూపించేది. ఆయనకు ఏడాది దాకా అర్థం కాలేదు. అంత పెద్ద చదువు చదివిన మనిషికి.

వరుసలో ఉన్నంతసేపూ ఆయన ముందుకే చూసేవాడు. తన వైపు అద్దం దించేవాడు కాదు. “మంచిగున్నరా బాబు” అని ఆమె అడిగితే తల తిప్పకుండానే “ఆఁ, నమస్తే అత్తమ్మా” అనేవాడు. గేటు దాటాక నా వైపు అద్దంలో చూసి ఎప్పుడూ ఒకటే మాట. “మాట తప్పలేదు పెద్దాయనా. నేను ఆపలేదు, గవర్నమెంటు ఆపింది.” గవర్నమెంటు అనకముందే నవ్వు. భార్య కిటికీలోంచి వెనక్కి చూస్తూ ఉండేది. ఒళ్లో స్టీలు డబ్బా ఇంకా వెచ్చగా ఉండేది. ఆ జోకు క్యాంపస్ క్యాంటీన్‌లో కూడా చెప్పాడు. నవ్వారు.

తర్వాత ఫాస్టాగ్ బిళ్లలు వచ్చాయి. అద్దానికి అది అంటించిన రోజు మా ఇంటికి వచ్చి మరీ చూపించాడు. “ఇంక ఎవని కోసమూ ఆగే పని లేదు పెద్దాయనా. అట్లా పోతే అట్లా గేటు లేస్తాది.”

ఆ వేసవిలో మళ్లీ బయలుదేరాం. చిన్నదానికి రెండేళ్లు దాటాయి. అమ్మమ్మకు అంతకు ముందు చాలాకాలంగా రెండు కళ్లకూ పొర కమ్మి ఉంది. ఈ పిల్లను ఆమె పుట్టినప్పటి నుంచి తడిమి చూడడమే గానీ మొహం స్పష్టంగా చూసింది లేదు. పదిహేను రోజుల ముందు మహబూబ్‌నగర్‌లో ఒక కంటికి ఆపరేషన్ అయింది. తార్నాక దాటుతుండగానే ఫోను వచ్చింది. ఆమె గొంతు పెద్దది, వెనక సీట్లోకి కూడా వినపడింది.

“చిన్నది ఎట్లుంటదో గిప్పుడు చూస్తనే. దాని ముక్కు మీ నాయినదో ఆయనదో నేను చెప్త.”

“చెప్పు అమ్మా. గేటుకాడ ఉండు” అంది ఈమె. ఫోను పెట్టేసి ఆయన వైపు తిరిగింది. “అమ్మకు ఆపరేషన్ అయింది కదా. పది నిమిషాలు ఇంటికాడ ఆగుదం. అత్తమ్మకు నేను చెప్తా.”

“మాట మాటే” అన్నాడు. కాగితం మీద టైము రాసుకున్నాడు.

“మరి గేటుకాడన్న జర ఆపుండ్రి.”

“చూద్దాం పా.”

టోల్‌గేటు వచ్చింది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఆమె వరుస పక్కనే సిమెంటు దిమ్మ దగ్గర నిలబడి ఉంది. ఒక చేతిలో డబ్బా, రెండో చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుంది. కారు గుర్తుపట్టి చెయ్యి ఊపింది. చిన్నది నా ఒళ్లో లేచి నిలబడి “అవ్వ” అంది. నేను అద్దం దించడానికి మీట నొక్కాను. దిగలేదు. ముందు నుంచి ఆయన లాకు వేసి ఉంచాడు. గేటు లేచింది. ఆయన యాక్సిలరేటర్ మీద కాలు తీయలేదు. ఆమె కారు వెంట నాలుగు అడుగులు పరుగు లాంటి నడక నడిచింది. అరచెయ్యి అద్దానికి తగిలి జారింది.

“ఆపుండ్రి. అమ్మ ఉన్నది.”

“ఈడ ఆపకూడదు. వెనక బండ్లు చూడు.”

“ముందుకు పోయి ఆపుండ్రి.”

“యాల? ఆపితే ఇంటికి రమ్మంటారు, పోతే గడప తొక్కిస్తారు.”

మళ్లీ నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలో ఉండగానే ఆమె తలుపు తెరిచింది. కారు ఇంకా కదులుతూనే ఉంది. ఆయన గట్టిగా బ్రేకు వేశాడు. పెద్దవాడి తల ముందు సీటుకు కొట్టుకుంది. ఆమె దిగింది, వెనక తలుపు తీసింది, నా ఒళ్లోంచి చిన్నదాన్ని తీసుకుంది. పెద్దవాడు తనంతట తనే దిగాడు. ఆ మండుటెండలో ఆమె వట్టి కాళ్లతో నడిచింది. చెప్పులు కారులోనే ఉండిపోయాయి.

సైడు అద్దంలో నాకు కనిపించింది. అమ్మమ్మ డబ్బా కింద పెట్టింది. నల్ల కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుంది. ఎండలో కళ్లద్దాలు తీయవద్దని డాక్టరు చెప్పే ఉంటాడు. పిల్ల మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని, చాలా దగ్గరగా పెట్టుకుని చూసింది. చూస్తూనే ఉంది. బుగ్గలు పుణకలేదు, ముద్దు పెట్టలేదు, అట్లాగే చూస్తూ ఉండిపోయింది.

ఆయన మణికట్టు తిప్పాడు. కొంచెం ఆగి మళ్లీ తిప్పాడు. తర్వాత గేరు వేశాడు.

“పోదాం పెద్దాయనా. మా యమ్మ కాసుకొని ఉంటాది.”

“సార్, పిల్లలు?”

“వాళ్లమ్మ ఉంది కదా.”

బండి కదిలింది. నేను దిగలేదు. ఏసీ చల్లగా ఉంది. నడుం కింద మెత్తటి సీటు ఉంది. కర్నూల్లో నా మనవళ్లు నా కోసం చూస్తున్నారు. కొత్తకోట దగ్గర ఆయన ఒక బత్తాయి తీసి, ఒక చేత్తో స్టీరింగు పట్టుకునే తొక్క వలిచి, సగం వెనక్కి అందించాడు. తిన్నాను.

కర్నూల్లో వాళ్ల అమ్మ ఎర్రనీళ్ల పళ్లెం పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. పిల్లలు ఆమెను జేజి అంటారు. బక్కపలచటి మనిషి. కారులోకి వంగి చూసి, నన్ను చూసి, మళ్లీ కొడుకును చూసింది.

“పిల్లోళ్లు యాడ?”

“వాళ్లమ్మ దిగిపోయింది, వాళ్ల ఊరికాడ. టోల్‌గేటులో.”

“దిగితే దిగనీ. కంటి ఆపరేషన్ అయ్యిందంట కదా ఆమెకు. నువ్వేల దిగలేదు?”

“నీకిచ్చిన మాట కోసమే కదమ్మా. ముందు మన గడప తొక్కాలని.”

ఆమె పళ్లెం అరుగు మీద పెట్టింది. “నేనెప్పుడు అంటి నాయినా?”

“పెండ్లినాడు.”

“పెండ్లినాడు కోపంలో నూరు అనింటాను. నువ్వే కదా ఫోనులో చెప్పింది, వాళ్లకు పిల్లోళ్లను చూడాలని ఉండదు, ఇంట్లోకి కూడా రమ్మనరు అని. ఎంత పొగరుబోతు మనుషులో అనుకుంటి ఇన్నాళ్లూ.” నా వైపు తిరిగింది. “నిజమా పెద్దాయనా?”

“కాదమ్మా. ఆమె ప్రతిసారీ గేటు దగ్గర నిలబడుతుంది.”

జేజి అరుగు మీద కూర్చుండిపోయింది. ఆయన బూట్లు విప్పుతూ, “బువ్వ పెట్టు మా, ఆకలైతాంది” అన్నాడు. నేను నా సంచి తీసుకుని మా బిడ్డ ఇంటికి నడిచాను. పొద్దు వాలాక అటు పోతే ఫ్యాను కింద నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. జేజి పక్క గదిలో ఫోను పట్టుకుని కోడలితో చెప్తోంది. “ఉండమ్మా, నీ ఇష్టం ఉన్నన్ని దినాలు ఉండు. మీ అమ్మకు నా మాటగా చెప్పు, నాకు తెలీదని చెప్పు.” ఆ మాట రెండోసారి కూడా చెప్పింది. గోడకవతల గురక మాత్రం ఎక్కడా తెగలేదు.

అంతటితో అయిపోతే నేను ఇంత రోతతో రాసేవాణ్ని కాదేమో. తిరుగు ప్రయాణం నేను బస్సులో చేశాను. నడుం పట్టేసింది. మూడు నెలల తర్వాత ఒకరోజు క్యాంటీన్‌లో టీ తాగుతుంటే పక్క బల్ల నుంచి ఆయన గొంతు వినిపించింది. చుట్టూ ఐదారుగురు రీసెర్చి పిల్లలు, అందులో సగం ఆడపిల్లలు.

“అత్తమ్మకు కంటి ఆపరేషన్. నేనే దారిలో బండి ఆపి దించినా. పో, నీకు ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు ఉండిరా అన్నా. ఆడపిల్లకు పుట్టిల్లు హక్కప్పా, దయ కాదు.” చెయ్యెత్తి నన్ను పిలిచాడు. “ఇదో, సాక్షి ఉన్నాడు. పెద్దాయనా, చెప్పు వీళ్లకు.”

ఆ పిల్లలు నా వైపు తిరిగారు. టీ గ్లాసు బల్ల మీద పెట్టాను.

“మీరు ఆపలే సార్. అద్దం గూడ దించలే. బండి నడుస్తుండంగ ఆమెనే తలుపు తీసుకుని దిగింది. మనం ఇద్దరం వదిలిపెట్టి పోయినం.”

ఒక అమ్మాయి గ్లాసులోకి చూస్తోంది. ఆయన మొహంలో ఒక్క నరం కదలలేదు. లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు, ఎప్పటిలాగే. “పాపం, పెద్ద వయసు. ఈ మధ్య మతి నిలవడం లేదు” అన్నాడు. నవ్వాడు. వాళ్లూ నవ్వారు. నాకు మతి నిలవదట. ఆయనలాగా కాగితం మీద రాసుకోకుండానే ఆ కారు ఏ ఊళ్లో ఎప్పుడు ఆగలేదో ఈ రోజుకీ చెప్పగలను నేను.

ఆ వేసవి తర్వాత ఆమె ఆ కారులో ఊరికి పోలేదు. నెలకొకసారి శుక్రవారం సాయంత్రం ఇద్దరు పిల్లల్నీ తీసుకుని కాచిగూడలో రైలెక్కి జడ్చర్లలో దిగేది. క్యాంటీన్ సంగతి జరిగిన వారానికి తార్నాక కూరగాయల బండి దగ్గర కనిపించింది. చిన్నది ఆమె చీర పట్టుకుని నిలబడింది. ముక్కు తనదేనని అమ్మమ్మ తేల్చి చెప్పేసిందట.

“క్యాంటీన్ల చెప్పినవంట గద కాకా, అందరి ముందట” అంది.

“చెప్పిన బిడ్డా.”

ఏం ఆశించానో నాకే తెలియదు. మెచ్చుకుంటుందనే అనుకుని ఉంటాను. ఆమె కొత్తిమీర కట్ట ఎత్తి, మన్ను దులిపి, సంచిలో వేసుకుంది. కోపమేమీ లేదు ఆ గొంతులో.

“గా రోజు బండిల చెప్పేది ఉండె కాకా” అంది. చిన్నదాని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటి పోయింది.